పాసయిందంటే పాసుందన్నారు

నేను బి.ఏ. పాసయ్యాను! థర్డ్ క్లాసే అనుకోండి, అయినా పాసు పాసే. మా వంశంలో వేలిముద్ర దాటి సంతకం దాకా వచ్చిన మొదటివాణ్ణి నేనే, సంతకం దాటి డిగ్రీ దాకా పోయినవాణ్ణీ నేనే. తక్కిన సంగతులన్నీ తర్వాత చెప్తాను, ముందు ఈ మాట వినండి. ఇన్నేళ్ళయ్యాక కూడా ఇంత ఆత్రమెందుకంటే, ఆదోనిలో ఆ పొద్దు ఈ మాట చెప్పుకోవడానికి నాకు మనిషి దొరకలేదు. దొరికినవాళ్ళకు అర్థం కాలేదు. అర్థం కావలసిన ఒక్క మనిషికీ ఇంకోలా చేరింది.

ఇదంతా ఇప్పుడు గుర్తుకు రావడానికి కారణం మొన్న మా ఇంటికి వచ్చిన అమ్మాయి. ఆదోనిలో మళ్ళీ నాటక సమాజం పెడుతున్నారట. ఈ ఏడు నాలుగు నాటకాలు ఆడతారట. పాత సభ్యుడినని ఎవరో చెబితే వెతుక్కుంటూ వచ్చింది. సభ్యులకు ముందు వరసలో కుర్చీలు, రిహార్సల్స్ చూడనిస్తారు, నాటకం అయ్యాక నటులతో కూర్చుని మాట్లాడవచ్చు అని గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోయింది. "మరి పాసులు ఎక్కడిస్తారమ్మా?" అని అడిగాను. "పాసు ఫోన్‌లోనే వచ్చేస్తాది తాతా" అంది. నేను నవ్వితే, నాకు ఫోను వాడడం రాదనుకుని పాపం నేర్పబోయింది. "మా కాలంలోనూ ఫోన్‌లోనే వచ్చింది తల్లీ. వచ్చినందుకే అంత పనయింది" అన్నాను. ఆ పిల్లకు అర్థం కాలేదు. బస్సుకు టైమైందని వెళ్ళిపోయింది. ఆ రోజంతా ఇంట్లో నేనూ, ఆ పిల్ల ఇచ్చిపోయిన నాటకాల కాగితమూ మిగిలాం.

నాకు ఊహ తెలిసేసరికే అమ్మానాన్నలు లేరు. చిప్పగిరి పక్క పల్లెలో పుట్టినా నేను పెరిగింది యెమ్మిగనూరులో, మా అక్క గోవిందమ్మ ఇంట్లో. బావ రంగప్పది మగ్గం పని. ఆ ఇంటికి గోడల కంటే ముందు వాసన ఎదురొచ్చేది. తెల్లవారక ముందే అక్క పొయ్యి మీద గంజి కాచేది. తినే గంజి కాదు, నూలుకు పట్టించే గంజి. ఎండ ఎక్కేలోపల వీధి పొడుగునా నిలువు పోగుల పడుగు చాపి, బావ ఈ కొస, అక్క ఆ కొస పట్టుకుని కుంచెతో గంజి దువ్వేవాళ్ళు. నేను మధ్యలో నిలబడి తెగిన పోగులు చూపించాలి. పుస్తకం చేతిలో పట్టుకునే చూసేవాణ్ణి. అటు పక్కింట్లో ఈరన్న తాత, కళ్ళు మందగించి మగ్గం మానేసిన ముసలాయన, అరుగు మీద కూర్చుని పొద్దున్నే పద్యం ఎత్తుకునేవాడు. రాగం తీస్తూ తీస్తూ దగ్గు వచ్చి ఆగితే, వీధిలో ఎవరో ఒకరు "ఒన్స్ మోర్!" అని అరిచేవాళ్ళు. ఆయన అది నిజమనుకుని మొదటినుంచీ మళ్ళీ పాడేవాడు. పడుగు ఎత్తేసరికి అక్క జొన్నరొట్టె తట్టే చప్పుడు మొదలయ్యేది. మొదటి రొట్టె బావకు, రెండోది నాకు. తనకు ఎన్నోదో నేనెప్పుడూ చూడలేదు. చూడాలని కూడా తోచలేదు.

ఆ ఇంటినుంచి నేను అనంతపురం పోయి కాలేజీలో చేరాను. మొదటిసారి పరీక్ష తప్పాను. అన్నీ గట్టెక్కాయి కానీ ఇంగ్లీషు ఒక్కటే పోయింది అని చెప్పుకుంటే గౌరవంగా ఉండేది. నిజానికి ఇంగ్లీషుతో పాటు చరిత్ర కూడా పోయింది. ఇంటికొచ్చి గడపలో నిలబడ్డాను. బావ మగ్గం కింద కాళ్ళు పెట్టి కూర్చునే గుంటలోంచి తల ఎత్తకుండానే అన్నాడు, "పడుగు తెగితే అతుక్కోవచ్చప్పా. సదువు తెగితే యాడ అతుకుతావు? వచ్చి గుంటలో దిగు, కాళ్ళాడించు."

బావ చెడ్డవాడు కాదు. ఆయన అన్నది ఆయనకు తెలిసిన ఓదార్పే అని ఇప్పుడనిపిస్తుంది. ఇరవై ఏళ్ళవాడికి అది వినిపించలేదు. "పాసయినంకే వస్తాను. అంతవరకు ఈ గడప తొక్కను" అన్నాను. అక్క నేను బస్సెక్కేదాకా వెంట వచ్చింది, రొట్టెల మూట చేతిలో పట్టుకుని. కిటికీలోంచి అందిస్తే తీసుకోలేదు. "ఆకలైతే ఏం జేస్తావురా?" అంది. నేను అటువైపు తిరిగి కూర్చున్నాను. ఆ ఒక్క పని మాత్రం నేను చేయకుండా ఉండవలసింది.

ఆదోనిలో పత్తి మండీలో ఒక శెట్టిగారి దగ్గర ఉద్యోగం దొరికింది. బొంబాయికి పోయే ఇంగ్లీషు ఉత్తరాలు రాయాలి. ఇంగ్లీషు తప్పినవాడే ఇంగ్లీషు రాస్తున్నాడని ఆయనకు తెలియదు, బొంబాయివాళ్ళూ ఎప్పుడూ ఫిర్యాదు చేయలేదు. గోదాము వెనక గది ఇచ్చారు. పత్తి దూది గాలిలో తేలుతూ వచ్చి దిండు మీద, కూజా మూత మీద, చదివే పుస్తకం మీద వాలేది. పొద్దున లేస్తే కనుబొమలు నెరిసినట్టుండేవి. భోజనం ఒక ముసలమ్మ నడిపే పూటకూటింట్లో. ఆమె అందరినీ "ఇంగ కొంచెం?" అని అడిగేది, జవాబు వినకముందే పక్క విస్తరికి పోయేది. కర్నూలు రాజధాని అయి, మళ్ళీ కాకుండా పోయిన రోజులవి. మండీలో అందరూ దాని గురించే తెలుగులో, కన్నడంలో, ఉర్దూలో వాదించుకునేవాళ్ళు. నేను ఏ భాషలోనూ ఎవరితోనూ మాట్లాడేవాణ్ణి కాదు. యెమ్మిగనూరు బస్సు రోజూ మా మండీ ముందు నుంచే పోయేది. దాని హారన్ నాకు తెలుసు. వినపడితే పుస్తకంలో తల దూర్చేవాణ్ణి. అక్క రెండుసార్లు లారీవాళ్ళతో "ఎట్లుండావు?" అని అడిగించింది. "సదువుకుంటాండానని చెప్పు" అని మాత్రం కబురు పంపించాను.

ఆ ఏడాది నన్ను కాపాడింది నాటక సమాజమే. శెట్టిగారే దానికి పెద్ద. వేసవిలో పత్తి ఉండదు కాబట్టి గోదాము ఖాళీ. అందులోనే నాటకాలు. నా చేతిరాత బాగుంటుందని రాత పనంతా నాకు అప్పగించి, దానికి బదులు సభ్యుణ్ణి చేసుకున్నారు. రాబోయే ఏడాది నాటకాల కరపత్రం మొత్తం నేనే రాశాను. ఏడాదికి నాలుగు నాటకాలు. రెండు కొత్త సాంఘికాలు, పెద్దవాళ్ళు అలగకుండా ఒక పౌరాణికం, మండీలో సగంమంది కన్నడం వాళ్ళు కాబట్టి ఒక కన్నడ నాటకం. అన్నిటికంటే వింత, ఆదివారం సరిగ్గా సాయంత్రం ఆరింటికి మొదలు, తొమ్మిదిలోపల ముగింపు. తెల్లవార్లూ ఆడకుండా దాన్ని నాటకమని ఎట్లా అంటారని ఊరంతా ఎగతాళి చేసింది. బయటి ఊళ్ళ సభ్యులకు చివరి బస్సు అందాలని శెట్టిగారి పట్టుదల.

సభ్యులకు కలిగే సౌకర్యాలు అని పెద్ద అక్షరాలతో రాసి, కింద నేను విజృంభించాను. చాప కాదు, కుర్చీ. కుర్చీకి సభ్యుడి పేరు రాసిన చీటీ. విరామంలో టీ. సమాజం బీరువాలోని పుస్తకాలు ఇంటికి తీసుకుపోవచ్చు. వచ్చే ఏడాది ఏ నాటకం ఆడాలో చెయ్యెత్తి చెప్పవచ్చు. ప్రతి నాటకానికి రెండు పాసులు. రెండో పాసు మీద ఇంటి ఆడవాళ్ళు కూడా వాళ్ళకు వేరుగా కట్టే తెర వెనక కాకుండా సభ్యుడి పక్కనే కుర్చీలో కూర్చోవచ్చు. ఈ చివరి వాక్యానికి కమిటీలో పెద్ద రభస జరిగింది. శెట్టిగారు గట్టిగా నిలబడ్డారు. నేను ఆ వాక్యం రాస్తున్నప్పుడు ఎవరి కోసం రాస్తున్నానో నాకు తెలుసు. రెండు కుర్చీల సభ్యుణ్ణి నేను, కూర్చోబెట్టడానికి నాకు ఉన్నది ఒకే మనిషి. మొదటి నాటకం వచ్చే ఆదివారమే కాబట్టి కరపత్రాలు ఆదోని అంతా, అటు యెమ్మిగనూరు దాకా ఊరూరా అంటించారు. ఆ వారం ఆదోనిలో ఎవరి నోట విన్నా పాసు మాటే.

సరిగ్గా ఆ వారమే నేను మళ్ళీ రాసిన పరీక్ష ఫలితాలు వచ్చాయి. పత్రికలో నా నంబరు ఉంది. మూడుసార్లు చూసుకున్నాను. కింద వరసలోని నంబరు చూసి నాదనుకోవడం లేదు గదా అని స్కేలు పెట్టి కూడా చూసుకున్నాను. బయటికి పరుగెత్తాను. మొదట కనబడింది హమాలీ మేస్త్రీ.

"అన్నా, పాసయిపోయింది!" అన్నాను.

"అయిపోయినాయా? అప్పుడే?" అన్నాడు. "నాకొకటి దాచిపెట్టమంటి గదప్పా!"

పూటకూటి ముసలమ్మకు చెప్పాను. "నాకెందుకు నాయనా పాసు? ఈ కండ్లకు నాటకం యాడ కనిపిస్తాది?" అంది. పొగాకు అంగడాయన "ఎన్నొచ్చినాయి?" అని అడిగాడు. పరీక్ష అనే మాట కలిపి చెప్పాలని నాకు తట్టనే లేదు. నాకు ప్రపంచంలో పాసు అంటే ఒక్కటే. వాళ్ళకూ ఒక్కటే. ఆ రెండూ ఒకటి కావు.

శెట్టిగారికి మాత్రం పత్రిక చూపించి చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని, "అంటే ఇన్నాళ్ళూ పాసు కాకుండానే ఇంగ్లీషు రాస్తాంటివా?" అన్నాడు. తర్వాత నవ్వి, "ఎవరికి చెప్పాలో చెప్పుకో పో, ఫోను తీసుకో" అన్నాడు.

ఆ ఫోనును నేను దుమ్ము తుడవడానికి తప్ప ముట్టుకోలేదు. యెమ్మిగనూరులో బావకు నూలిచ్చే అంగడిలో ఫోను ఉందని తెలుసు. లైను కలిసింది. అవతల గుమాస్తా "ఎవురూ? ఎవురూ?" అని అరుస్తున్నాడు. లైనులో వాన కురుస్తున్నట్టు చప్పుడు. "మగ్గం రంగప్ప భార్య గోవిందమ్మకు చెప్పండి! నేను వాళ్ళ తమ్ముణ్ణి! పాసయిందని చెప్పండి! ఆదివారం రమ్మనండి!" అని గొంతు చించుకున్నాను. "ఆ, ఆ, పాసుంది, ఆదివారం" అన్నాడు. లైను తెగింది. అతనన్నది నేను విన్నాను. విని కూడా సరిగానే ఉందనుకున్నాను. సంతోషంలో ఉన్నవాడికి అక్షరాలు పట్టవు.

తొక్కనన్న గడపకు పరీక్ష పాసైన మరునాడే పరుగెత్తడం నాకు నామోషీగా ఉండింది. అక్క రావాలి. వచ్చి, కుర్చీలో నా పక్కన కూర్చుని, "ఇంటికి పోదాం పారా" అనాలి. అప్పుడు పోతాను. ఆ నాలుగు రోజులూ అదే లెక్క. కుర్చీల చీటీలు రాసేది నేనే కాబట్టి, నా చీటీ మీద పేరు తర్వాత బి.ఏ. అని రాసుకున్నాను. ఎవరికీ చెప్పకుండా మొట్టమొదటిసారి రాసుకున్న బి.ఏ. అది. పక్క చీటీ మీద "గోవిందమ్మగారు" అని రాశాను. అక్క పేరుకు గారు తగిలించినవాళ్ళలో బహుశా నేనే మొదటివాణ్ణి.

ఆదివారం బస్సు వచ్చింది. అక్క దిగలేదు. ఈరన్న తాత దిగాడు. ఎండాకాలంలో శాలువా కప్పుకుని, జేబులో తమలపాకుల పొట్లంతో.

"అక్క ఏదీ తాతా?"

"ఆయమ్మ రాల్యా అబ్బీ. పాసు వృథాగా పోతాదని నన్ను పొమ్మనె" అన్నాడు మహా సంతోషంగా. "యాడ మన కుర్సీ?"

ఏడాది తర్వాత నోరు తెరిచి పాసయ్యానని చెప్పి పిలిస్తే రాలేదన్నమాట. గోవిందమ్మగారు అన్న చీటీ మీద ఈరన్న తాత కూర్చున్నాడు. అటూ ఇటూ చూసి, "హార్మోనీ యాడ?" అన్నాడు.

"సాంఘికం తాతా. హార్మోనియం ఉండదు."

"పద్యాలో?"

"ఉండవు."

"పద్యాలు ల్యాకుంటే వాళ్ళు మాట్లాడుకోవడమెట్ల?"

తెర లేచింది. అద్దె ఇంటికోసం తిరిగే మొగుడూపెళ్ళాల కథ. దూది దుమ్ముకు నాయకుడు మూడుసార్లు తుమ్మాడు. ఒక్కో తుమ్ముకూ తాత "సిరంజీవ!" అన్నాడు. నేను స్టేజీ వైపు చూస్తున్నాను కానీ ఏమీ కనబడలేదు. ఉండబట్టలేక మెల్లగా, "తాతా, నేను పాసయినాను" అన్నాను.

"తెలుసులేప్పా. నీ పాసుండబట్టే గదా నేనీడ కూసున్నది. ఊరకుండు, ఆయమ్మ ఏమో అంటాంది" అన్నాడు, స్టేజీ మీది అమ్మ వైపు చెవి పెట్టి.

విరామంలో టీ ఇచ్చారు. తాత గ్లాసును రెండు చేతులతో పట్టుకుని ఊదుకుంటూ, తనంతట తనే చెప్పసాగాడు. "మీ అక్క ఆ పొద్దు ఎంత యేడ్సిందో నీకు తెల్దు. గుమాస్తా వచ్చి, మీ తమ్ముడు ఫోను సేసినాడు, నాటకం పాసుందంట, రమ్మన్నాడని సెప్పె. ఆయమ్మ, పరీచ్చ మాటేమన్నా సెప్పినాడా అని అడిగె. ల్యా, పాసు మాటే అనె. 'ఏడాదికి ఒగ తూరి నోరు తెరిసినాడు తాతా, అదీ నాటకానికి' అనుకుంట కండ్లు తుడుసుకునె. మీ బావ, 'సదువు తప్పినోనికి నాటకాలు గూడానా' అనె. నేనే, పోనీలేమ్మా, పాసేం పాపం జేసె అంటిని."

గ్లాసు కింద పెట్టేశాను. పాసయింది, పాసుంది. ఒక్క అక్షరం. వాడు తప్పు విన్నాడా, నేను తప్పు చెప్పానా? పరీక్ష అన్న మాట చేర్చనివాణ్ణి నేను. ఆ పాసుల సంగతి ఊరూరా తెలిసేట్టు రాసినవాణ్ణీ నేనే. ఏడాదిపాటు అక్క నా మీద అలగలేదు. నేనే ఆమెను నాటకానికి పిలిచి ఏడిపించాను.

"తాతా, పోదాం పా. ఇప్పుడే."

"యాడికి? నాటకం సగముంది గదరా!"

"ఆ పాసు కాదు తాతా! నేను పరీక్ష పాసయినాను. బి.ఏ.!"

తాత నన్ను పైనుంచి కిందికి చూశాడు. "ఆ మాట ముందు సెప్పద్దా, పిచ్చోడా?" అన్నాడు. తర్వాత స్టేజీ వైపు చూసి, బతిమాలుతున్నట్టు, "ఆ మొగునికి ఇల్లు దొరికేదాకా ఉండి పోదాం. బస్సు ఉంటాది గదా. పాసైనోనివి, ఇంగ మళ్ళ తప్పవులే" అన్నాడు. ఆ మొగుడికి ఇల్లు దొరికేదాకా కూర్చున్నాం. నా జన్మలో అంత నిడివి గల నాటకం చూడలేదు.

బస్సు దిగి వీధి మలుపు తిరిగేసరికి అక్క గడపలోనే ఉంది, తాత కోసం చూస్తూ. వెనక నన్ను చూసి కొంగు సర్దుకుంది. నేను గడప బయటే నిలబడి, ఈసారి ఒక్క మాట కూడా మిగలకుండా చెప్పాను. "అక్కా, నేను బి.ఏ. పరీక్ష పాసయినాను."

"మళ్ళ సెప్పు" అంది.

మళ్ళీ చెప్పాను.

"ఇంగో తూరి."

లోపల మగ్గం గుంటలోంచి బావ, "ఎన్ని తూర్లే? గడప బయట పెట్టి సెప్పించుకుంటావా? లోపలికి రమ్మను. అతుక్కున్నాది గదా" అన్నాడు. అక్క నవ్వుతూ ఏడుస్తూ నన్ను లోపలికి లాగింది. ఏడాదిగా ఎట్లుందో అట్లే ఉంది గంజి వాసన. ఆ పూట మొదటి రొట్టె బావ నాకిచ్చాడు.

మరునాడు పొద్దున నేను ఆదోని బస్సెక్కే ముందు అక్క కాగితం, పెన్సిలు తెచ్చి నా ముందు పెట్టింది. "ఫోనులో తప్పుగా పడె గదా, ఫోనులోనే సరిగ్గా పడాల. శెట్టిని అడిగి అందరికీ సెయ్యి. నేను సెప్తా, రాసుకో" అంది. ఫోనంటే ఊరికొకటి ఉంటుందని, పిలిస్తే పలుకుతుందని తన నమ్మకం. తను చెప్పినవాళ్ళలో చాలామంది ఊళ్ళలో ఫోను లేదని నాకు తెలుసు. అయినా రాసుకున్నాను. నేను ఆదోని చేరేసరికి శెట్టిగారి లైను చెడిపోయి ఉంది. వారం తిరక్కుండానే నాకు దూరంగా ఉద్యోగం వచ్చింది. పైవారం చేద్దాం, పండక్కి చేద్దాం అనుకున్నాను. అక్క మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు నా చొక్కా జేబులో ఫోను ఉంది, ఆ ఊళ్ళన్నిటికీ మోగుతుంది. ఎత్తడానికి అక్కతో సహా ఎవరూ లేరు. అక్క చెప్పింది చెప్పినట్టు నేను రాసుకున్నది ఇదీ:

మద్దికెర చిన్నమ్మ. చెవుడు. గట్టిగా చెప్పాల.

చిప్పగిరి మామ. పోయిన తూరి పరీక్ష పోయిందని ఊరంతా చెప్పినాడు. ఆయప్పకు రెండు తూర్లు చెయ్యి.

మంత్రాలయం సత్రంలో వంట చేసే అవ్వ. నీకోసం రోజూ దీపం పెడతానని మాటిచ్చింది. ఇంక ఆపొచ్చునని చెప్పు.

చిన్నప్పుడు అక్షరాలు దిద్దించిన అయ్యవారు. యాడుండాడో కనుక్కో.

యెమ్మిగనూరు నూలంగడి. గుమాస్తాకు కాదు. గోవిందమ్మకు. అంగట్లో నిలబడి ఉంటాది. ఈ తూరి ఆయమ్మే ఎత్తుకుంటాది.